లెక్కపెట్టే జట్టు, లెక్కపెట్టని జట్టు

సూరత్‌లోని లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియంలో 2019 సెప్టెంబర్ 24న భారత్, దక్షిణాఫ్రికా మహిళల జట్లు టీ20 మ్యాచ్ ఆడాయి. ఆ రోజు ఇద్దరు అమ్మాయిలు తొలిసారి తమ దేశాల తరఫున టీ20 బరిలోకి దిగారు. ఒకరు రోహ్‌తక్ నుంచి వచ్చిన షెఫాలీ వర్మ. అప్పటికి పదిహేనేళ్లు. నాలుగు బంతులాడి సున్నాకే వెనుదిరిగింది. ఇంకొకరు డర్బన్ నుంచి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్, పందొమ్మిదేళ్ల నల్లజాతి అమ్మాయి నొన్‌కులులెకో మ్లాబా.

సరిగ్గా ఆరేళ్ల మీద కొన్ని వారాలు గడిచాక, 2025 నవంబర్ 2న, నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో వన్డే ప్రపంచకప్ ఫైనల్. అవే రెండు జట్లు. సున్నాతో మొదలైన షెఫాలీ 87 పరుగులు చేసి, పైగా రెండు వికెట్లు తీసింది. మ్లాబా భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్‌ను 20 పరుగుల దగ్గర బౌల్డ్ చేసింది. భారత్ 298 చేసింది, దక్షిణాఫ్రికా 246కు ఆలౌట్. 52 పరుగుల తేడాతో మన అమ్మాయిలు మొదటిసారి ప్రపంచ విజేతలయ్యారు. ఆ తర్వాత వారం రోజులపాటు పత్రికలు, టీవీలు షెఫాలీ ప్రయాణాన్ని ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాయి. చెప్పాల్సిందే. మ్లాబా ప్రయాణం గురించి మాత్రం మన దగ్గర ఎవరూ రాయలేదు. ఓడిన జట్టు గురించి ఎవరు రాస్తారు? కానీ మన జట్టు భవిష్యత్తు గురించి మాట్లాడాలంటే ఓడిన జట్టు దగ్గరే ఒక పాఠం ఉందని నా వాదన. అక్కడ జాతీయ జట్టులో ఎవరున్నారు, ఎవరు లేరు అని బాహాటంగా లెక్కపెడతారు. ఇక్కడ ఆ లెక్క అడగడమే తప్పు.

ముందు సూరత్ సిరీస్ సంగతి చూద్దాం. ఎందుకంటే ప్రగతి అనే మాటను కొలవాలంటే మొదలు ఎక్కడో తెలియాలి. వర్షం రెండు మ్యాచ్‌లను మింగేసింది. అందుకే ఐదు మ్యాచ్‌ల సిరీస్ ఆరుకు పెరిగింది. మొదటి మ్యాచ్‌లో భారత్ చేసింది 130 పరుగులే. అయినా గెలిచింది, 11 పరుగులతో. దీప్తి శర్మ నాలుగు ఓవర్లు వేసి, అందులో మూడు మెయిడెన్లతో, ఎనిమిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. అక్టోబర్ 1న షెఫాలీ 33 బంతుల్లో 46 కొట్టింది. సిరీస్ 3-1తో మనదైంది. కానీ చివరి మ్యాచ్‌లో 176 లక్ష్యం ముందు మన జట్టు 70కే కుప్పకూలింది. ఒకరిద్దరు ఆడితే గెలుపు, వాళ్లు ఔటైతే కుప్ప. అప్పటి జట్టు స్వభావం అది.

ఆరేళ్లలో ఏం మారింది? 2022 అక్టోబర్‌లో బీసీసీఐ మగవాళ్లకూ ఆడవాళ్లకూ సమాన మ్యాచ్ ఫీజు ప్రకటించింది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఐదు జట్ల అమ్మకంతోనే బోర్డుకు 4,669.99 కోట్ల రూపాయలు వచ్చాయి. ఏడాది కాంట్రాక్టుల దగ్గర మాత్రం తేడా తేడాగానే ఉంది. 2024-25లో మగవాళ్ల పై శ్రేణికి ఏడు కోట్లు, ఆడవాళ్ల పై శ్రేణికి 50 లక్షలు ఉండేవి. అయినా డబ్బు వచ్చింది, శిక్షణ వచ్చింది, టీవీలో చూసే జనం వచ్చారు. అదే దీప్తి ఫైనల్‌లో 58 పరుగులు చేసి ఐదు వికెట్లు తీసింది. కడప జిల్లా యర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు పడగొట్టింది. సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్. అంతకు ఏడాది ముందే, తండ్రి మత కార్యక్రమాలు నడిపాడన్న ఆరోపణ మీద (ఆయన దాన్ని ఖండించారు), ముంబయిలోని ఖార్ జింఖానా ఈమె గౌరవ సభ్యత్వాన్ని రద్దు చేసిందన్న సంగతి ఆ రాత్రి చాలామంది కన్వీనియంట్‌గా మర్చిపోయారు.

ఇక అవతలి జట్టు. దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డు 2016 సెప్టెంబర్‌లో తన పురుషుల జాతీయ జట్టుకు ఒక లక్ష్యం పెట్టుకుంది. సీజన్ మొత్తం సగటున పదకొండు మందిలో కనీసం ఆరుగురు శ్వేతేతరులు ఉండాలి, వాళ్లలో కనీసం ఇద్దరు నల్లజాతి ఆఫ్రికన్లు ఉండాలి. ఇది బోర్డుకు రాత్రికి రాత్రి పుట్టిన జ్ఞానం కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో క్రీడల మంత్రి ఫికిలే ఎంబలూలా క్రికెట్, రగ్బీ, అథ్లెటిక్స్, నెట్‌బాల్ సంఘాలు మార్పు లక్ష్యాలు అందుకోలేదని చెప్పి, పెద్ద అంతర్జాతీయ టోర్నీలకు ఆతిథ్యం కోరే హక్కునే కొంతకాలం తీసేశాడు. అక్కడ ప్రభుత్వం నియమించిన ప్రముఖుల బృందం ఒకటి ఒక్కో క్రీడా సంఘంలో ఆటగాళ్లు, కోచ్‌లు, అంపైర్లు, బోర్డు సభ్యుల్లో ఏ సమూహం వాళ్లు ఎంతమందో లెక్కతీసి నివేదికలు ఇస్తూ వచ్చింది. శ్వేతేతరుల లెక్కలో భారతీయ సంతతి వాళ్లు కూడా ఉన్నారు. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా ఓడలెక్కిన మన వాళ్ల మునిమనవలన్నమాట. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మనవాళ్లకు ఆ దేశంలో రిజర్వేషన్ కావాలి, ఈ దేశంలో మాత్రం మెరిట్ కావాలి! ఈ విచిత్రాన్ని మన ప్రవాస సంఘాల సభల్లో ఎవరూ ప్రస్తావించరు.

ఈ లెక్కల వల్ల ఏమవుతుందో చూపడానికి క్రికెట్ కంటే రగ్బీ మంచి ఉదాహరణ. రగ్బీ అక్కడ తెల్లవాళ్ల ఆట. ఆట మాత్రమే కాదు, వాళ్ల మతం. వర్ణవివక్ష కాలంలో స్ప్రింగ్‌బాక్ జెర్సీ కనిపిస్తే నల్లవాళ్లు అవతలి జట్టుకు చప్పట్లు కొట్టేవాళ్లు. 1995లో సొంతగడ్డ మీద ప్రపంచకప్ గెలిచినప్పుడు మండేలా ఆ జెర్సీ వేసుకుని మైదానంలోకి వచ్చిన ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫైనల్ ఆడిన జట్టులో శ్వేతేతరుడు ఒకే ఒక్కడు, చెస్టర్ విలియమ్స్. 2007 ఫైనల్ మొదటి పదిహేను మందిలో ఇద్దరు. 2019లో ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకరు కెప్టెన్ సియా కొలిసి. 2018లో ఆ జట్టుకు మొట్టమొదటి నల్లజాతి టెస్ట్ కెప్టెన్ అయినవాడు. 2019 నవంబర్ 2న యొకొహామాలో ఇంగ్లండ్‌ను 32-12తో ఓడించారు. ఆ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా చేసిన రెండు ట్రైలూ నల్లజాతి ఆటగాళ్లు మపింపి, సంకర జాతిగా వర్గీకరించే సమూహానికి చెందిన కొల్బే చేసినవే. 2023లో మళ్లీ అదే కెప్టెన్, మళ్లీ కప్పు. ఒకటి నుంచి ఆరుకు రావడానికి 24 ఏళ్లు పట్టింది. ఆ కాలమంతా 'కోటా ఆటగాళ్లు జట్టును ముంచుతారు' అనే మాట ఆగలేదు. మునిగిందేమీ లేదు.

ఆ మాట మన దేశానికీ బాగా తెలిసిందే. క్రికెట్ కెప్టెన్ తెంబా బవూమాను ఏళ్ల తరబడి కోటా కెప్టెన్ అని ఎక్కిరించారు. అతని ఎత్తు మీద జోకులు వేశారు. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి అతని జట్టు ప్రపంచ టెస్ట్ చాంపియన్ అయింది. మన అమ్మాయిలు కప్పు గెలిచిన రెండు వారాలకే అతని జట్టు ఇక్కడికి వచ్చింది. కోల్‌కతాలో 124 లక్ష్యం ముందు మన మగవాళ్ల జట్టు 93కే ఆలౌటైంది. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓడింది. పరుగుల తేడాలో భారత టెస్ట్ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఓటమి లేదు. సిరీస్ 2-0. మెరిట్ జట్టు సొంత పిచ్‌ల మీద కోటా జట్టు చేతిలో ఓడిందని నేనంటే అది చౌకబారు వ్యంగ్యమే అవుతుంది, నాకు తెలుసు. రెండు టెస్టులతో ఏ విధానమూ రుజువు కాదు. పైగా ఆ సిరీస్‌లో మనల్ని ఎక్కువగా కూల్చిన సైమన్ హార్మర్ తెల్లవాడే. నాకు పనికొచ్చే విషయం అదే. లెక్కపెట్టడం మొదలుపెట్టిన తర్వాత కూడా ఆడగలిగిన తెల్లవాడి చోటు ఎక్కడికీ పోలేదు. రిజర్వేషన్ వస్తే మా పిల్లలు ఏమైపోవాలి అని క్యాంపస్‌లలో మాతో వాదించే వాళ్లకు హార్మర్ బౌలింగ్ గణాంకాలు చూపించాలి.

అయితే దక్షిణాఫ్రికాను స్వర్గం చేయొద్దు. కొలిసి పుట్టిన జ్వీడే టౌన్‌షిప్‌లో ఉండిపోయి ఉంటే కొలిసి అయ్యేవాడు కాదు. పన్నెండేళ్లకు స్కాలర్‌షిప్ మీద గ్రే స్కూల్‌లో పడ్డాడు. ఒకప్పటి తెల్లవాళ్ల బడులకున్న పచ్చని మైదానాలు, కోచ్‌లు, తిండి అతనికి దొరికాయి. టౌన్‌షిప్ బడిలో ఆ మైదానం ఇప్పటికీ లేదు. జట్టు ముఖం మారింది, దాని కింది నేల అంతగా మారలేదు. నవీ ముంబయి ఫైనల్‌లో ఆడిన పదకొండు మందిలో మ్లాబా, అయబొంగా ఖాకా, సినాలో జాఫ్తా ఉన్నా, జట్టులో ఎక్కువమంది తెల్లవాళ్లే. కానీ ఈ లోపాన్ని వేలెత్తి చూపడానికి అక్కడి విమర్శకుల చేతిలో ఒక అంకె ఉంది. మన చేతిలో ఏముంది?

మన చేతిలో పల్వంకర్ బాలూ ఉన్నాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన మొదటి అఖిల భారత జట్టులో 114 వికెట్లు తీసిన చమార్ స్పిన్నర్. పూనాలో సాటి ఆటగాళ్లు పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే బయట మట్టి ముంతలో టీ ఇచ్చిన చరిత్ర. హిందువుల జట్టుకు ఎన్నడూ కెప్టెన్ కాలేకపోయాడు. అతని తమ్ముడు విఠల్‌కు 1923లో ఆ చోటు దక్కింది, అదీ పోరాడితే. (1937 బొంబాయి ఎన్నికల్లో ఇదే బాలూ కాంగ్రెస్ టికెట్ మీద అంబేద్కర్ మీద నిలబడి ఓడాడు. మన చరిత్ర ఎప్పుడూ మనకు అనువుగా ఉండదు.) ఆ తర్వాత వందేళ్ల లెక్క ఒకటి 2018లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో గౌరవ్ భవ్నానీ, శుభమ్ జైన్ రాశారు. టెస్ట్ హోదా వచ్చిన 86 ఏళ్లలో ఆడిన 290 మంది పురుషుల్లో దళితులు నలుగురు. ఆ అంకె కూడా ఇద్దరు పరిశోధకులు తవ్వి తీసిందే గానీ బోర్డు ఇచ్చింది కాదు. బీసీసీఐ ఇలాంటి లెక్క ఎన్నడూ ప్రచురించలేదు. వ్యాసం వచ్చినప్పుడు మన క్రీడా పాత్రికేయులు చేసిన వాదన గుర్తుందా? ఆటలోకి కులం తేవద్దని. తెచ్చిందెవరో బాలూ ముంతను అడగాలి.

నిజానికి కోటా మన క్రికెట్‌కు కొత్త కాదు. 1946 వరకు బొంబాయిలో జనం ఎగబడి చూసిన టోర్నీలో జట్లే మతాల వారీగా ఉండేవి, హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు, మిగిలినవాళ్లు అని. స్వతంత్రం వచ్చాక దశాబ్దాలపాటు సెలెక్టర్లను ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర, మధ్య జోన్లకు ఒకరు చొప్పున వేసుకున్నారు. తూర్పు ప్రాంతానికి న్యాయం జరగాలి అంటే అది సమతుల్యం. మాల మాదిగలకు, లంబాడాలకు, కోయలకు న్యాయం జరగాలి అంటే అది ఆటను చెడగొట్టడం. ప్రాంతానికి ప్రాతినిధ్యం ఇవ్వొచ్చని ఒప్పుకున్నవాడు సూత్రాన్ని ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది ఎవరికి అనే బేరమే. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు అంబేద్కర్ చెప్పిన మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది. అభిప్రాయాలకు ప్రాతినిధ్యం దొరికితే చాలదు, మనుషులకు మనుషులుగా ప్రాతినిధ్యం కావాలని ఆయన వాదించారు. మైదానంలో అభిప్రాయాలు ఆడవు కదా, మనుషులే ఆడతారు.

ఇప్పుడు భారత రగ్బీ దగ్గరికి వస్తాను. మన పత్రికల్లో ఆ ఆటకు రెండు పేరాల చోటు కూడా దొరకదు కాబట్టి చాలామందికి తెలియకపోవచ్చు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు ఏటా ఆడే కలకత్తా కప్పు అనే ట్రోఫీ ఉంది. 1878లో కలకత్తాలోని దొరల క్లబ్బు మూతపడుతూ తన బ్యాంకు ఖాతాలోని వెండి రూపాయలను కరిగించి చేయించింది. ఈ దేశపు వెండితో చేసిన ఆ కప్పు కోసం ఆడే ఆట ఈ దేశంలో నూరేళ్లకు పైగా జింఖానాలు, క్లబ్బుల లోపలే ఉండిపోయింది. అలాంటి ఆటలో మన మహిళల జట్టు పదిహేను మంది ఫార్మాట్‌లో తొలి అంతర్జాతీయ విజయం సాధించింది 2019 జూన్‌లో, ఫిలిప్పీన్స్‌లో, సింగపూర్ మీద, 21-19తో. ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ కిక్ కొట్టి గెలిపించింది ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా అమ్మాయి సుమిత్రా నాయక్. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అనే ఆదివాసీ పిల్లల గురుకులంలో ఆట నేర్చుకుంది. ఆ గురుకులం నుంచి ఇంకా ఎందరో ఆదివాసీ అమ్మాయిలు జాతీయ జట్టుకు వచ్చారు. 2022లో జకార్తాలో, 2024లో ఖాట్మండులో ఆసియా సెవెన్స్ ట్రోఫీల్లో మహిళలు రజతాలు తెచ్చారు. 2025 ఆగస్టులో బిహార్‌లోని రాజ్‌గిర్‌లో అండర్-20 అమ్మాయిలు ఉజ్బెకిస్తాన్‌ను 12-5తో ఓడించి కాంస్యం గెలిచారు.

పతకాలు తెచ్చింది అమ్మాయిలు. మరి 2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ అని ఫ్రాంచైజీల డబ్బు వచ్చినప్పుడు ఏమైంది? హైదరాబాద్ హీరోస్‌తో సహా ఆరు జట్లూ మగవాళ్లవే. డబ్బు లేని రోజుల్లో జట్టును మోసింది వీళ్లు, డబ్బు వచ్చిన రోజు వేలంపాటలో వీళ్లు లేరు. నవంబర్ 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్‌ను మన జట్టు నేపాల్ మీద గెలిచింది. ఆ ఫైనల్‌లో 44 నాటౌట్ కొట్టింది ఒడిశా ఆదివాసీ అమ్మాయి ఫూలా సరేన్. జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి పాంగి కరుణ కుమారి ఉంది. కెమెరాలు లేని ఆటల్లో మన పిల్లలు కనిపిస్తారు. కెమెరాలు వచ్చేకొద్దీ జట్టు రంగు ఎలా మారుతుందో ఎవరైనా ఒక పీహెచ్‌డీ చేయాలి. నా సబ్జెక్టు వేరు కాబట్టి ఆ పని ఇంకొకరికి వదిలేస్తున్నాను.

ఆ గురుకులాన్ని పొగడటానికి ఇదంతా రాయడం లేదు. మైనింగ్ కంపెనీల డబ్బుతో ఆదివాసీ పిల్లల్ని వాళ్ల నేల నుంచి, భాష నుంచి విడదీసే ఫ్యాక్టరీ బడి అని దాన్ని విమర్శించినవాళ్లలో నేను గౌరవించే మానవశాస్త్రవేత్తలు, ఆదివాసీ కార్యకర్తలు ఉన్నారు. 2023 ప్రపంచ మానవశాస్త్ర మహాసభ అక్కడ జరగాల్సి ఉండగా 2020లో నిరసనల వల్ల ఆ వేదిక రద్దయింది. ఆ విమర్శ సరైనదే అనుకుంటాను. అదే సమయంలో సుమిత్ర కొట్టిన కిక్ సుమిత్రది, ఏ దాతదీ కాదు. మన క్రీడా కథనాల్లో ఆదివాసీ అమ్మాయి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉద్ధరిస్తేనే పైకొస్తుంది. కోచ్, బాబు, కంపెనీ, చివరికి ముఖ్యమంత్రి. హక్కుగా రావాల్సింది దయగా వస్తే దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇవతల మన గురుకులాల అనుభవం కొంత వేరు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది ప్రభుత్వ గురుకులం విద్యార్థినిగా. ఆ గురుకులం ప్రజల పన్నుతో, హక్కుగా నడిచే బడి. తేడా అక్కడుంది.

సూరత్ గురించి కొంచెం చెప్పాలి. నేను రెండేళ్లుగా ఇక్కడికి వస్తూ పోతూ ఉన్నాను, తెలుగు నేత కుటుంబాల పిల్లల చదువుల మీద పరిశోధన కోసం. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కింద వలస వచ్చిన పద్మశాలీలు, వాళ్ల పక్కన మిగతా బహుజన కులాల కుటుంబాలు కనిపిస్తాయి. పక్క గల్లీలో గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. సిరిసిల్లలో సాంచె అనే మాట ఇక్కడ కూడా వినిపిస్తుంది. ఆడవాళ్లు, ఆడపిల్లలు ఇంటి దగ్గరే చీరలకు లేసు కుడతారు, దారాలు కత్తిరిస్తారు, రాళ్లు అంటిస్తారు. సూరత్ మున్సిపల్ స్కూల్ బోర్డు ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు ఉంది, ఒడియా ఉంది. ఇంత వలస జనం ఉన్న ఊరు కాబట్టి అది మంచి సంప్రదాయం. లాల్‌భాయ్ స్టేడియం మాత్రం ఊరికి అవతలి దిక్కున, ధనికుల అపార్ట్‌మెంట్ల మధ్య ఉంటుంది.

ఫైనల్ రాత్రి నేను లింబాయత్‌లో ఒక ఇంట్లో ఉన్నాను. ఒక్క గది, తొమ్మిది మంది, ఒక ఫోను. దీప్తి చివరి వికెట్ తీసినప్పుడు గల్లీ అంతా అరిచింది. ఎనిమిదో తరగతి చదివే ఆ ఇంటి పిల్ల చేతిలోని చీర పక్కన పెట్టి నన్ను అడిగింది: "అక్కా, గీ ఆట నేర్వాలంటె యాడికి పోవాలె?" ఊళ్లోనే అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగిన స్టేడియం ఉందని చెబితే తన ముఖంలో నమ్మకం లేదు. షెఫాలీ అక్కడే మొదలుపెట్టిందని చెప్పాను. ఫీజు ఎంత అని వాళ్లమ్మ అడిగింది. అకాడమీ ఫీజు, కిట్టు, బూట్లు, పొద్దున ఐదింటికి తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషి, ఈ నాలుగూ కలిపితే ఆ ఇంటి నెల జీతంలో ఎంతవుతుందో ఆమె లోపల లెక్క వేసుకున్నట్టు కనిపించింది. తల్లి లెక్క వేసుకుంటుంది. బోర్డు వేయదు.

కప్పు గెలిచాక కానుకలు కురిశాయి. బీసీసీఐ 51 కోట్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీచరణికి రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. ఆమె సంపాదించుకున్నది, ఆమెకు దక్కాల్సిందే. నా ప్రశ్న ఆమె గురించి కాదు. గెలిచిన తర్వాత ఇచ్చే రెండున్నర కోట్లు గెలవక ముందు వీరపునాయునిపల్లె మండలంలోనో, పాడేరులోనో, ఆసిఫాబాద్‌లోనో ఎన్ని బాలికల మైదానాలవుతాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే శాఖ ఏదైనా ఉంటే దానికి ముందు ఒక పట్టిక కావాలి. ఏ జిల్లాలో, ఏ సామాజిక వర్గం పిల్లలు, ఏ వయసులో ఆటలోకి వస్తున్నారు, ఏ వయసులో మానేస్తున్నారు. ఆ పట్టిక లేకుండా ఎంపిక శిబిరాలు పెడితే వచ్చేది అకాడమీలో అప్పటికే డబ్బు కట్టినవాళ్ల పిల్లలే.

ఆటగాళ్ల ఇంటిపేర్లు చూసి కులం గుణించే పని నేను చేయదలచుకోలేదు. అది మన మీద వాళ్లు ఆడే ఆట. కావాల్సింది ఎవరి కులమో పేపర్లో వేయడం కాదు. ఆటగాళ్లే స్వయంగా ఇచ్చే సమాచారాన్ని మొత్తంగా కూడి, పేర్లు లేకుండా, శాతాలుగా ప్రచురించడం. అండర్-15 శిబిరాల నుంచి జాతీయ జట్టు వరకు, కోచ్‌ల నుంచి సెలెక్టర్ల వరకు. ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం రాబోయే జనగణనలో కులాన్ని లెక్కించడానికి ఒప్పుకుంది. తెలంగాణ ఇప్పటికే సర్వే చేసి అంకెలు బయటపెట్టింది. దేశం మొత్తాన్ని లెక్కపెట్టొచ్చు గానీ జాతీయ జట్టును లెక్కపెట్టకూడదా?

బోర్డు ప్రైవేటు సంస్థ అనే సమాధానం వస్తుంది. బీసీసీఐని సమాచార హక్కు చట్టం కిందికి తేవాలని 2018లోనే లా కమిషన్ తన 275వ నివేదికలో చెప్పింది. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే ఆర్‌టీఐ అని గీత గీసి, ఆ తలుపు మూసేసింది. అదే చట్టం కార్యవర్గాల్లో మహిళలకు చోటు తప్పనిసరి చేసింది. మంచిదే. ఎస్సీ, ఎస్టీ, బీసీల ఊసు అందులో లేదు. బిల్లు పార్లమెంటులో ఉన్నప్పుడు మన సంఘాలు, మన ఎంపీలు దీని మీద గట్టిగా మాట్లాడలేదన్నది కూడా నిజం. యూనివర్సిటీ ఫెలోషిప్పుల మీద మనం రోడ్డెక్కినంత సులువుగా మైదానాల మీద ఎక్కం. ఆట మన రాజకీయాల్లో ఇంకా కాలక్షేపం విభాగంలోనే ఉంది. బోర్డు సంగతి చట్టంతో తేల్చుకోవాల్సిందే. రగ్బీ లాంటి సంఘాలు మాత్రం ప్రభుత్వ సొమ్ము అందుకున్నవే. భారత రగ్బీ జట్లకు ఒడిశా ప్రభుత్వం స్పాన్సర్‌గా నిలిచింది. ఆదివాసీ అమ్మాయిల కాళ్ల మీద నడిచిన ఆటకు ప్రజల డబ్బు వెళ్లినప్పుడు, ఆ అమ్మాయిల్లో ఎంతమంది కోచ్‌లయ్యారు, ఎంతమంది కార్యవర్గంలోకి వచ్చారు అని సమాచార హక్కు కింద అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పది రూపాయల ఫీజు చాలు.

2026 జూన్‌లో ఇంగ్లండ్‌లో మహిళల టీ20 ప్రపంచకప్. భారత్, దక్షిణాఫ్రికా ఒకే గ్రూపులో ఉన్నాయి. షెఫాలీ, మ్లాబా మళ్లీ ఎదురుపడే అవకాశం ఉంది. మన జట్టే గెలవాలని కోరుకుంటాను, ఇప్పుడు గెలిచే సత్తా దానికి ఉంది. ఆ లోపు హైదరాబాద్, విజయవాడ, విశాఖ యూనివర్సిటీల్లో ఉన్న మన పరిశోధకులు ఒక్కొక్కరు ఒక్కో జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి ఒక్కో దరఖాస్తు పెట్టగలం. బాలికల శిబిరాలకు గత ఐదేళ్లలో ఎవరు వచ్చారు, సామాజిక వర్గాల వారీగా వివరాలు ఇవ్వండి అని. నిజామాబాద్ జిల్లాకు నేను పోయిన వారం పంపాను. కరీంనగర్, వరంగల్‌లకు ఎవరైనా పంపితే నాకు రాయండి, వచ్చిన జవాబులు ఒకచోట పెడదాం.